తోడు మేక

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు వస్తే, కానుగ చెట్ల వెనక వైద్య పరిశోధన కేంద్రం. మూడంతస్తుల పాత కట్టడం. రెండో అంతస్తులో చివరి గది అమ్మాజీది. తలుపు మీద ఆవిడ పేరు లేదు. ముప్పై రెండేళ్లుగా ఆవిడ ఆ గదిలో, మనుషుల మెదళ్లలో పెరిగిన కణితుల్ని పలచగా కోసి, గాజుపలకల మీద పరిచి, రంగు వేసి డాక్టర్లకు ఇస్తోంది. వాళ్లు మైక్రోస్కోపులో చూసి రోగం పేరు చెబుతారు. వ్యాసాల్లో వాళ్ల పేర్లు వస్తాయి. అమ్మాజీకి ఆ పట్టింపు లేదు. ఆవిడకు పట్టింపు ఉన్నదల్లా ఆ బల్ల. కిటికీ పక్కన బల్ల, దాని మీద చేత్తో తిప్పే కోత యంత్రం, పక్కనే సింకు.

ఆపరేషన్ గదిలోంచి సీసాలో వచ్చిన ముక్కను మైనంలో పెట్టి గట్టిపరిస్తే అగ్గిపెట్టెలో సగమంత దిమ్మ అవుతుంది. దాన్ని యంత్రానికి బిగించి చక్రం తిప్పితే వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొర లేస్తుంది. పొరకు పొర అంటుకుని రిబ్బనులా దిగుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ల మీద వదిలి, ముడత విప్పుకున్నాక గాజుపలక మీదికి ఎత్తాలి. ఆ క్షణంలో తుమ్మితే అంతే.

తర్వాత రెండు రంగులు. రెండోది తేలిక, ముక్కంతా గులాబీ చేస్తుంది. మొదటి రంగులో ముంచితే కణాల లోపలి గింజలన్నీ కుంకుమలా ఎర్రబడతాయి. అప్పుడు నల్లా నీళ్లలో పది నిమిషాలు ఉంచాలి. ఆ నీళ్లలో ఎరుపు మెల్లగా నేరేడుపండు నీలానికి తిరుగుతుంది. డిస్టిల్డ్ నీళ్లలో తిరగదు. నల్లా నీళ్లే కావాలి. ఎందుకని అమ్మాజీ మొదట్లో అడిగింది. నేర్పిన లక్ష్మీనర్సయ్య భుజాలు ఎగరేశాడు. "నీలమైతది. నువ్వు సూడు, సాలు" అన్నాడు.

అమ్మాజీ తణుకు దగ్గర పుట్టింది. తండ్రి కాంపౌండరు కాబట్టి సీసాల వాసనకు చిన్నప్పుడే అలవాటు పడింది. భర్త సూర్యనారాయణకు కాచిగూడ స్టేషన్‌లో బుకింగ్ క్లర్కు ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చింది. విద్యానగర్‌లో రెండు గదుల్లో కాపురం పెట్టారు. ల్యాబు శిక్షణ పాసై ఈ గదిలో అడుగు పెట్టేసరికి ఇక్కడ లక్ష్మీనర్సయ్య ఉన్నాడు. భువనగిరి వైపు మనిషి. చదువు ఏడో తరగతి. కోసేటప్పుడు చెయ్యి మాత్రం కదిలినట్టే ఉండదు.

తోడు మేక ఆయన పెట్టిన పద్ధతి. రోగుల ముక్కలు ఎన్ని రంగులోకి దిగినా, వాటితోపాటు ఒక మేక మెదడు ముక్క కూడా దిగాలి. దానికి ఏ రోగమూ లేదు. ప్రతిసారీ అది ఒకేలా కనబడాలి. కనబడకపోతే తప్పు రంగుదో, చేతిదో. ఆయన రిటైరై వెళ్లిపోయాక కూడా అమ్మాజీ ఏటా ఒకసారి లాలాగూడలో మటన్ షాపుకు వెళ్లి మేక భేజా కొంటుంది. షాపతను మారాడు, ప్రశ్న మారలేదు.

"ఫ్రైకా, కూరకా, ఆపా?"

"ఫార్మలిన్‌లోకి."

"అదేం మసాలా?"

"ఒకసారి వేస్తే ఎన్నేళ్లయినా చెడదు."

అతను నవ్వి ఇంకో పొట్లం కట్టబోతాడు. ఆవిడ వద్దంటుంది. ముప్పై రెండేళ్లలో ఇంట్లో ఒక్కసారీ భేజా వండలేదు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. బడులు మూతపడ్డాయి. బొగ్గు గనులు ఆగేసరికి కరెంటు పోవడం మొదలైంది. కేంద్రంలో సగం మంది గేటు బయట టెంటులో కూర్చున్నారు. గదులు ఊడ్చి, నీళ్లు పట్టి, సీసాలు కడిగే లచ్చవ్వ కూడా అందులో ఉంది. మాణికేశ్వరి నగర్ మనిషి. పదకొండేళ్లుగా అమ్మాజీ గదిలో పని.

మొదటి రోజే లచ్చవ్వ వచ్చి చెప్పింది. "నిన్ను రమ్మని ఎవ్వరడుగలే. రావద్దని ఎవ్వరనలే. నీ ఇష్టమమ్మా."

"నేను పనిలోకే వస్తాను, లచ్చవ్వా."

"నాకెర్కనే. పొద్దుగాల నీ డ్రమ్ము నింపిపోత. సమ్మె సర్కారు మీద, నీ మీద కాదు."

అలా రోజూ తొమ్మిది కొట్టకముందే వచ్చి సింకు పక్కన నీలం డ్రమ్ము నింపి వెళ్లేది. నల్లా ఎప్పుడొస్తుందో తెలియని రోజులు. డ్రమ్ము ఖాళీగా ఎప్పుడూ లేదు. బస్సుల్లేక అమ్మాజీ విద్యానగర్ నుంచి కాంపస్ దారిన నడిచి వచ్చేసరికి నీళ్లు అంచుదాకా ఉండేవి. ఎక్కడివని ఆవిడ అడగలేదు.

ఆ నెలల్లో ఆవిడ చేస్తున్న పని మౌనికది. కడప నుంచి వచ్చి కేంద్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఒకసారి ఆపరేషన్ చేసి తీసేసిన మెదడు కణితి కొందరిలో ఏడాదికో రెండేళ్లకో మళ్లీ పెరుగుతుంది. మళ్లీ తీస్తారు. మొదటిసారి ముక్కకూ రెండోసారి ముక్కకూ ఏం తేడా? ముప్పై మంది రోగులు. ఒక్కొక్కరివి రెండేసి స్లైడ్లు. మొదటిసారి ముక్కలన్నీ అమ్మాజీ జూలైలో రంగు వేసింది. రెండోసారివి సమ్మె రోజుల్లో వేసింది.

అక్టోబరు రెండో వారంలో మౌనిక పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఆంటీ! రెండోసారివి అన్నీ ఎర్రగా ఉండాయి! ముప్పైకి ముప్పై! మొదటివి నీలం. కణితి మళ్లా పెరిగేటప్పుడు లోపల ఏదో మారిపోతాంది ఆంటీ. ఇది ఎవరూ రాసినట్టు లేదు!"

అమ్మాజీ ఒక స్లైడు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. మామూలు కంటికి అది గులాబీ మరక. కాస్త ఎక్కువ గులాబీ.

"సార్‌కి చూపించావా?"

"ఇప్పుడే పోతాండా."

గంట తర్వాత డాక్టర్ పార్థసారథి అమ్మాజీని పిలిచాడు. విభాగం పెద్ద. మెల్లగా మాట్లాడే మనిషి. మౌనిక ఆయన బల్ల పక్కన నిలబడి ఉంది. మొహంలో పరుగు లేదు.

"అమ్మాజీ గారూ, కూర్చోండి. ఇది కొత్త సంగతేం కాదు. రంగు సరిగ్గా పడలేదు. అంతే."

"అన్నిటికీనాండీ?"

"అన్నిటికీ. జూన్‌లో మీరే చెప్పారు, ఎడమ కంట్లో పొర వస్తోందని. దీంట్లో తప్పేముంది, వయసుతో వచ్చేదే." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సోమవారం బయటి ల్యాబు నుంచి ఒక టెక్నీషియన్ వస్తున్నాడు. దిమ్మల్లోంచి మళ్లీ కోసి రంగు వేస్తాడు. మీరు రికార్డు గదిలో కూర్చోండి. రిటైర్‌మెంటుకు ఇంక ఏడాదిన్నరే కదా. అక్కడ కిటికీ పెద్దది. గాలి బాగా వస్తుంది."

"సార్, రెండోసారి దిమ్మల్లో కొన్నిటికి గోరంత కూడా మిగల్లేదు. మళ్లీ కోస్తే అయిపోతాయి."

"తెలుసు. వేరే దారి?"

ఆ రోజు గురువారం.

ఇంటికి వెళ్తే సూర్యనారాయణ అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"ఎవరైనా ఏమైనా అన్నారా దారిలో?" సమ్మె మొదలైనప్పటి నుంచి రోజూ అదే ప్రశ్న.

"ఒకాయన మంచినీళ్లిచ్చాడు. ఏవండీ, నా కళ్లు ఎర్రగా కనిపిస్తున్నాయా?"

"లేదే. ఏం?"

"ఏం లేదు. ఎరుపు నా కళ్లల్లో ఉంటే సార్‌కి ఎందుకు కనిపించింది అని."

శుక్రవారం తొమ్మిదింటికే కరెంటు పోయింది. అమ్మాజీ బీరువా మీంచి లక్ష్మీనర్సయ్య కాలం నాటి మైక్రోస్కోపు దించింది. దానికి బల్బు లేదు. అడుగున చిన్న అద్దం. కిటికీ వైపు తిప్పితే ఎండను పైకి పంపుతుంది. కరెంటు లేని ఈ నెలంతా దాన్ని దించుకుని ఉండొచ్చు. దించలేదు. నీళ్లలో రంగు తిరిగిందో లేదో ప్రతిసారీ మైక్రోస్కోపులో చూసి తీయాలి. ఈ నెలంతా ఆవిడ గడియారం చూసి తీసింది. పది నిమిషాలు, తీయి. పది నిమిషాలు, తీయి. ఆ సంగతి ఆవిడకు ఇప్పుడు బాగా తెలుస్తోంది.

సొరుగులోంచి మేకల పెట్టె తీసింది. ప్రతి విడతకూ తోడుగా దిగిన మేక స్లైడు, అంచున తేదీతో. తోడు మేకను పెట్టడం ఆవిడ ఎన్నడూ మానలేదు. చూడటం ఎప్పుడో మానేసింది.

వరసగా పెట్టి చూసింది. జూలై మేక, నీలం. ఆగస్టు మేక, నీలం. సెప్టెంబరు పన్నెండు, నీలం. సెప్టెంబరు పంతొమ్మిది, ఎరుపు. ఇరవై రెండు, ఎరుపు. అక్కణ్ణుంచి అన్నీ ఎరుపే.

అమ్మాజీ కుర్చీలో వెనక్కి జరిగింది. మేకకు కణితి లేదు. ఆపరేషన్ లేదు. మళ్లీ పెరిగిందీ లేదు. అదీ రోగులతోపాటు ఎర్రబడింది. మౌనిక చూసిన తేడా కణితిది కాదు. ఇటు తన కంటిదీ కాదు, కంట్లో పొర పన్నెండుకూ పంతొమ్మిదికీ మధ్య దిగదు. ఆ వారంలో ఈ గదిలో ఏదో మారింది. ఏమిటది?

రంగు సీసా మార్చింది. కొత్త సీసా విప్పి కొత్త మేక ముక్క ముంచి, డ్రమ్ము నీళ్లలో పది నిమిషాలు పెట్టింది. ఎరుపు. పావుగంట. ఎరుపు. ఇక మిగిలింది నీళ్లు. కానీ డ్రమ్ములో నల్లా నీళ్లే కదా?

ఆ ఉదయం నల్లా దారంలా వచ్చి ఆగిపోయింది. అప్పుడు పట్టిన సీసాడు నీళ్లు ఉన్నాయి. వాటిని ఒక గిన్నెలో పోసింది. పక్క గిన్నెలో డ్రమ్ము నీళ్లు పోసింది. ఒకే దిమ్మలోంచి కోసిన రెండు మేకల్ని రెండిట్లో వదిలింది. ఈసారి గడియారం చూడలేదు. అద్దం తిప్పుకుంటూ మేకల్నే చూసింది.

నల్లా మేక నీలం తిరిగింది. డ్రమ్ము మేక ఎర్రగానే ఉంది.

అప్పుడు అమ్మాజీ ఏ ల్యాబులోనూ చేయకూడని పని చేసింది. కడిగిన గ్లాసు తీసుకుని, డ్రమ్ములోంచి ముంచి, ఒక గుక్క తాగింది. నాలుక మీద నిలిపింది. ఉప్పు లేదు. మట్టి లేదు. క్లోరిన్ లేదు. అసలు రుచే లేదు. హైదరాబాదులో అలాంటి నీళ్లు ఒక్క చోటే దొరుకుతాయి. ఇరవై లీటర్ల క్యాన్‌లో.

గేటు బయట ఆ రోజు వంటావార్పు. రోడ్డు మధ్యన రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది. ఆడవాళ్లు చాపల మీద కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. టెంటు నీడలో నీళ్ల క్యాన్లు వరసగా ఉన్నాయి. అమ్మాజీ వాటిని చూస్తూ నిలబడింది.

"ఏం మేడం, మీరు గూడ రోడ్డు మీదికొచ్చిన్రా?" ఆఫీసు గుమస్తా కమలాదేవి నవ్వింది. "జై తెలంగాణ అంటేనే పప్పు."

"పప్పులో ఉప్పు చూసి అంటాను. ముందు మా లచ్చవ్వ ఏదీ?"

"గాడ, క్యాన్ల కాడ. పెద్ద కావలి అయింది క్యాన్లకు."

లచ్చవ్వ ఆవిడను చూసింది. చూసి, చేతిలో గ్లాసు కింద పెట్టింది. అమ్మాజీ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది.

"నా డ్రమ్ములోవి ఈ నీళ్లేనా?"

"ఎవరు జెప్పిన్రు?"

"మేక చెప్పింది."

లచ్చవ్వ చుట్టూ చూసి, ఆవిడ చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి లాక్కెళ్లింది.

"మెల్లగనమ్మా. నల్లా రాలే. బోరు నీళ్లు పోద్దునా అంటె, గాజు పలకల మీద తెల్లగ మరకలు పడ్తయని నువ్వే అన్నవ్. నేను కొత్తగ వచ్చినప్పుడు అన్నవ్. యాదికి లేదా?"

అమ్మాజీకి గుర్తులేదు. అని ఉంటుంది.

"అందుకే మంచియి పోసిన. ఎవ్వరు రాకముందే రోజు రెండు క్యాన్లు ఎత్తుకపోయి పోసిన. గిది క్యాంపుకు ఇచ్చిన నీళ్లు. సమ్మెల కూసొని లోపటి పనికి నీళ్లు పోసిందంటె నా ఇజ్జత్ ఉంటదా? గందుకే నీకు గూడ చెప్పలే." ఆమె అమ్మాజీ మొహంలోకి చూసింది. "ఏమైంది? పాడైనయా?"

"మరీ మంచి నీళ్లయిపోయాయి, లచ్చవ్వా. వాటిలో ఏమీ లేదు. ఏమీ లేకపోతే రంగు తిరగదు."

"నీళ్లల్ల ఏముండాలె?"

"అదే నాకూ తెలియదు. నల్లాలో ఏదో ఉంది." తర్వాత సోమవారం సంగతి చెప్పింది. బయటి ల్యాబు మనిషి సంగతి. రికార్డు గదిలో పెద్ద కిటికీ సంగతి.

లచ్చవ్వ నెత్తి మీద కొంగు సర్దుకుంది. "నేనొచ్చి సారుకు జెప్త. నేనే పోసిన్నని."

"ఇజ్జత్?"

"పోతె పోని."

"ఆగు. అవేం పాడవలేదు. స్లైడు మీది మూతగాజు విప్పి, మళ్లీ నల్లా నీళ్లలో పెడితే నీలం తిరుగుతాయి. దిమ్మలు ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే ముప్పై స్లైడ్లకు, నీళ్లు మార్చి మార్చి పోయడానికి, రెండు బిందెలైనా కావాలి. ఇక్కడ నల్లా సోమవారం దాకా రాదన్నారు."

"వేరేది ఏదన్న కలుపరాదు? సోడా?"

"కలపొచ్చు. నీలం వస్తుంది. కానీ మొదటి ముప్పై జూలైలో నల్లా నీళ్లు తాగాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఇవి వేరే నీళ్లు తాగి ఉండకూడదు."

లచ్చవ్వ కాసేపు ఆలోచించింది. "నువ్వు రేపు పదింటికి రా" అని క్యాన్ల దగ్గరికి వెళ్లిపోయింది. కమలాదేవి వెనకనుంచి పిలిచి విస్తట్లో అన్నం, పప్పు పెట్టించింది. ఉప్పు తక్కువైందని అమ్మాజీ చెప్పింది. జై తెలంగాణ కూడా అంది. కమలాదేవి చప్పట్లు కొట్టి ఇంకో గరిటె వేసింది.

శనివారం పదింటికి కేంద్రం ముందు ఆటో ఆగింది. లచ్చవ్వ రెండు స్టీలు బిందెలతో దిగింది. మూతులకు పాత చీర ముక్కలు కట్టి ఉన్నాయి. సగం దారిలో ఒలికి ఆమె కాళ్లు తడిసి ఉన్నాయి.

"మా బస్తిల తెల్లారి నల్లా వచ్చింది. గిది మా నీళ్లు. క్యాంపుయి గావు, సర్కారుయి గావు. ఎవడడుగుతడు నన్ను?"

"మీ నల్లా, ఇక్కడి నల్లా ఒకటేనా?"

"నాకెట్ల తెలుస్తది? నీ మ్యాకనడుగు."

అమ్మాజీ నిజంగానే మేకను అడిగింది. బస్తీ నీళ్లలో ఒక మేకను పెట్టి, జూలై మేక పక్కన పెట్టి చూసింది. తేడా లేదు. అప్పుడు మౌనికను పిలిచింది. ఇద్దరూ ముప్పై స్లైడ్ల మూతగాజులు ఒక్కొక్కటే మెత్తబరిచి విప్పారు. కిందికి జారిపోకుండా, పొర చిరగకుండా. ఆ రోజంతా అదే పని. ఆదివారం నీళ్లలో పెట్టారు. అమ్మాజీ చేతిగడియారం విప్పి సొరుగులో పడేసింది. అద్దం మైక్రోస్కోపు కిందకు ఒక్కొక్క స్లైడునూ తెచ్చి చూసింది. కొన్ని ఎనిమిది నిమిషాలకే తిరిగాయేమో, కొన్ని ఇరవై పట్టాయేమో. ఎన్ని పట్టాయో ఆవిడకు తెలియదు. తిరిగాక తీసింది.

సోమవారం పార్థసారథి అరవై స్లైడ్లూ చూశాడు. చివర నల్లా మేకనూ డ్రమ్ము మేకనూ చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీళ్లా?"

"నీళ్లేనండి. డ్రమ్ములో క్యాన్ నీళ్లు పడ్డాయి."

"ఎవరు పోశారు?"

"ఎవరు పోసినా, స్లైడు తీసేముందు చూడాల్సింది నేనండి. కరెంటు లేదని గడియారాన్ని నమ్మాను. అద్దం మైక్రోస్కోపు బీరువా మీదే ఉంది. దించలేదు. అది నా తప్పు. కంటి తప్పు కాదు."

ఆయన మళ్లీ మేకను చూశాడు. "ఇది మీరు ఎప్పుడూ పెడతారా? ప్రతి విడతకూ?"

"లక్ష్మీనర్సయ్య గారున్నప్పటి నుంచీ."

"నాకెవరూ చెప్పలేదే."

"మీరు అడగలేదండి."

ఆయన నవ్వలేదు. ఫోను తీసి బయటి ల్యాబుకు మాట్లాడాడు. మనిషిని పంపనక్కర్లేదన్నాడు. తర్వాత అమ్మాజీతో, కంటి ఆపరేషన్ మాత్రం వాయిదా వేయవద్దన్నాడు. ఆవిడ సరేనంది.

మౌనిక వరండాలో నిలబడి ఉంది. "రంగు తేడా పోయింది, ఆంటీ. నా దగ్గర ఇంకేం మిగల్లేదు."

"అరవై స్లైడ్లు మిగిలాయి. దిమ్మలు కూడా. మొదటి నుంచి చూడు."

"ఏం చూడాల?"

"నాకేం తెలుసు? మేకను పక్కన పెట్టుకుని చూడు."

నెలాఖరుకు సమ్మె విరమించారు. లచ్చవ్వ చీపురుతో గదిలోకి వచ్చింది. ఊడ్చింది. సీసాలు కడిగింది. వెళ్లబోయి ఆగింది.

"నీ మ్యాకను సూస్తనమ్మా. గింత కథ జేసింది."

పదకొండేళ్లలో ఆమె ఆ మైక్రోస్కోపును తుడవడమే గాని, అందులోకి తొంగి చూడలేదు. చూడమని అమ్మాజీ అననూ లేదు. ఇప్పుడు స్టూలు జరిపింది. లచ్చవ్వ ఒక కన్ను మూసుకుని వంగింది. అమ్మాజీ అద్దాన్ని ఎండ వైపు తిప్పింది.

"అగో. నీలం నీలం గింజలు. పెసర్లు ఆరబోసినట్టు."

"అవే."

"గివన్ని మా బస్తి నీళ్లకేనా?"

"మీ నీళ్లకే."

లచ్చవ్వ కన్ను తీయకుండానే అడిగింది. "గంతకు నీళ్లల్ల ఏమున్నది?"

ఇదే ప్రశ్న అమ్మాజీ ముప్పై రెండేళ్ల కిందట లక్ష్మీనర్సయ్యను అడిగింది. ఆయన భుజాలు ఎగరేశాడు. ఆవిడ మళ్లీ ఎవరినీ అడగలేదు. కడిగి ఆరబెట్టిన చిన్న సీసాలు నాలుగు తెచ్చి, బల్ల మీద వరసగా పెట్టింది.

"ఒకటి మీ నల్లా. ఒకటి బోరు. ఒకటి క్యాన్. నాలుగోది విద్యానగర్‌లో మా ఇంటిది నేను తెస్తాను. మేకలు ఎన్నైనా ఉన్నాయి."

లచ్చవ్వ మూడు సీసాలు కొంగులో కట్టుకుంది.